అండమాన్‌లో స్కూబా: తిరుగు ప్రయాణం రోజు పొద్దున డైవ్ పెట్టుకోవద్దు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ నుంచి నలుగురు బయల్దేరుతున్నారు: నువ్వు, మరదలు, పదకొండేళ్ల బాబు, మీ నాయన. సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు అండమాన్. ఏజెంటు రాసిచ్చిన ప్రోగ్రాంలో హావ్‌లాక్ దీవిలో స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల కింద తిరగడం) ఐదో రోజు పొద్దున ఆరున్నరకు ఉంది. అదైన వెంటనే పోర్ట్ బ్లెయిర్‌కు పడవ, మూడింటికి హైదరాబాద్ విమానం. నీకు బాయిల ఈత బాగా వచ్చు. మరదలికి ఈత రాదు, చలికాలం ఆయాసం వస్తే ఇన్‌హేలర్ వాడుతుంది. ఈ ప్యాకేజీకి పైసలు కట్టొచ్చా అని అడిగావు.

కట్టొద్దు. ఆ ప్రోగ్రాం మార్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

నాది నల్లగొండ. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. 2015 ఫిబ్రవరిలో హావ్‌లాక్‌లో స్కూబా మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఏడూ సముద్రానికి పోతున్నాను, నూట నలభై డైవ్‌ల దాకా అయ్యాయి. కాబట్టి కొంచెం పాఠంలా చెప్తే ఏమనుకోకు.

ముందు ఆ ఐదో రోజు సంగతి. స్కూబా సిలిండర్‌ను మన దగ్గర అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తి నింపింది. ఆ గాలిలో ఎక్కువ పాలు నైట్రోజన్. నీళ్లలో దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ నైట్రోజన్ రక్తంలో, కండల్లో కరుగుతుంది. గోలీ సోడాలో గ్యాసు ఉన్నట్టే. గోలీ లోపల ఉన్నంతసేపు నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి, బొటనవేలితో నొక్కగానే బుస్సుమని పొంగుతుంది. మెల్లగా పైకొచ్చి, నేల మీద కొన్ని గంటలు గడిపితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఊపిరితోనే పోతుంది. అలా కాకుండా వెంటనే విమానం ఎక్కితే, అక్కడ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. గోలీ నొక్కినట్టే అవుతుంది. బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే కాళ్లు పడిపోవడం. అందుకే డైవింగ్ వాళ్లంతా పాటించే లెక్క ఒకటుంది: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేసినా వరుస రోజుల్లో చేసినా కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేను నా వరకు 24 గంటలు వదులుతాను. మీ ఏజెంటు వదిలింది ఎనిమిది గంటలు కూడా లేదు.

మొదటిసారి దిగేవాళ్లను ఎక్కువ లోతుకు తీసుకుపోరు, కాసేపే ఉంచుతారు, ఏం కాదు అని వాళ్లు అంటారు. తక్కువ లోతులో ప్రమాదం తక్కువే, నిజమే. కానీ ఒక రోజు ముందుకు జరిపితే తీరిపోయే సమస్యకు ఇంట్లోవాళ్ల ఒంటిని పణంగా ఎందుకు పెట్టాలి?

ఇక నీ బాయిల ఈత గురించి. నీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే నేనూ బాయిలోనే నేర్చుకున్నాను. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి మా పెద్దన్న తోసేశాడు. వారం తిరిగేసరికి డబ్బా విప్పేశాను. తర్వాత గడ్డ మీది నుంచి దుంకడం, అడుగు మట్టి తెచ్చి చూపించడం. నువ్వూ ఈ ఆట ఆడే ఉంటావు: గుప్పిట్లో నల్లమట్టి కనిపిస్తేనే గెలిచినట్టు. దానివల్ల మనకు రెండు అలవాట్లు పడ్డాయి. ఒకటి మేలు చేస్తుంది, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది.

మేలు చేసేది చెవి. బాయి అడుగుకు పోతుంటే చెవుల్లో సూది గుచ్చినట్టు నొప్పి వచ్చేది గుర్తుందా? స్కూబాలో వచ్చేది అదే నొప్పి. అప్పట్లో మనం ఓర్చుకుని మట్టి తీసుకుని పైకొచ్చేసేవాళ్లం. ఇక్కడ వెంటనే పైకి రాకుండా కిందే ఉండాలి కాబట్టి ఓర్చుకోవడం కుదరదు. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసుకుని, మెల్లగా ముక్కులోకి గాలి ఊదితే చెవుల్లో టప్‌మని తెరుచుకుంటుంది. దిగడం మొదలవ్వగానే, నొప్పి రాకముందే, ప్రతి అడుగుకూ ఒకసారి చేస్తూ పోవాలి. తెరుచుకోకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. ఇది ఇంట్లో కూర్చుని ఇప్పటి నుంచే అందరూ చేసి చూడండి, బాబుతో ముఖ్యంగా చేయించు. ఒక చెవి అసలే తెరుచుకోని వాళ్లు కొందరుంటారు. ఆ సంగతి పడవ మీద కాకుండా ఇంట్లోనే తెలిస్తే మంచిది.

ప్రాణం మీదికి తెచ్చేది ఊపిరి బిగపట్టడం. నీళ్లలో తల మునగగానే మన ఒళ్లు దానంతటదే ఊపిరి బిగపడుతుంది. బాయిలో అది ఒప్పే, ఎందుకంటే పైన పీల్చిన గాలితోనే దిగి, అదే గాలితో పైకొస్తాం. స్కూబాలో కింద, ఒత్తిడిలో ఉన్న గాలి పీలుస్తాం. నీటి మట్టం దగ్గర ఒత్తిడి ఒక వంతు అనుకుంటే పది మీటర్ల లోతులో రెండింతలు, ఇరవైలో మూడింతలు. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. బయటికి వదలకపోతే ఊపిరితిత్తి చిరుగుతుంది. అందరూ లోతంటే భయపడతారు కానీ ఈ మార్పు ఎక్కువ తీవ్రంగా ఉండేది పైనున్న మొదటి పది మీటర్లలోనే. మీటరున్నర లోతు నుంచి నిండా పీల్చి బిగపట్టి లేచినా దెబ్బ తగలొచ్చు, అంటే నిలబడితే తల మునిగేంత లోతు కూడా లేని చోట.

ఇది నాకు పుస్తకంలో తెలుసు, క్లాసులో చెప్తాను కూడా. అయినా కోర్సు రెండో రోజు, మూడు మీటర్ల నీళ్లలో, సిలిండర్ గాలి పీల్చడానికి నోట్లో ఉండే రెగ్యులేటర్ తీసి మళ్లీ పెట్టుకునే అభ్యాసం చేస్తుంటే కొంచెం ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. ఆ క్షణంలో ఫిజిక్స్ గుర్తు రాలేదు, మా బాయి గుర్తొచ్చింది. ఊపిరి బిగపట్టి, అడుగున కాళ్లు తన్ని పైకి లేచాను. ఇన్‌స్ట్రక్టర్ నా కాలి ఫిన్ (ఈత రెక్క) పట్టుకుని ఆపి, కళ్లలోకి చూస్తూ తన నోటి నుంచి బుడగలు వదిలి చూపించాడు: వదులు, వదులు అని. నేను వదిలాను. పైకొచ్చాక ఆయన ఒక్క మాటా అనలేదు. ఖాళీ నీళ్ల సీసా ఒకటి తీసుకుని నన్ను మళ్లీ తీసుకెళ్లాడు. పది మీటర్ల దగ్గర సీసాను తలకిందులుగా పట్టి, దాంట్లో సగం వరకు తన రెగ్యులేటర్ గాలి నింపి, మూత లేకుండానే పట్టుకుని పైకి ఈదాం. ఐదు మీటర్ల దగ్గరికి వచ్చేసరికి గాలి సీసాలో మూడింట రెండు వంతులైంది. పైకొచ్చేసరికి అంచు దాకా నిండింది. ఆ సీసా నా ఛాతీ అనుకుని చూశాను. ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద అదే బొమ్మ గీస్తాను.

కాబట్టి నీకు ఈత బాగా వచ్చినా, మొదటిసారి నీకే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఈత రానివాళ్లు ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది చెప్పినట్టు చేస్తారు. మనకు సొంత అలవాట్లు అడ్డొస్తాయి. మొదటి పది నిమిషాలు ఈదడం గురించి ఆలోచించకు. మెల్లగా పీల్చడం, మెల్లగా, పొడుగ్గా వదలడం, అంతే. బుడగల చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే నువ్వు బాగున్నట్టు.

మరదలి విషయం సూటిగా చెప్తాను. ఆయాసం, ఇన్‌హేలర్ ఉన్నవాళ్లు డాక్టర్ రాసివ్వకుండా దిగకూడదు. కారణం ఇందాక చెప్పిందే: ఆయాసంలో సన్నని శ్వాసనాళాలు బిగుసుకుంటే, ఊపిరి వదులుతున్నా కొంత గాలి లోపలే చిక్కుకుపోతుంది. పైకొచ్చేటప్పుడు అది ఉబ్బుతుంది. డైవ్ షాపులో ఒక ఫారం ఇస్తారు: ఆస్తమా ఉందా, గుండె జబ్బు, షుగరు, ఫిట్సు, చెవి ఆపరేషన్, గర్భం, ఇలా ప్రశ్నలు. ఒక్కదానికి ‘ఉంది’ అని పెట్టినా డాక్టర్ సంతకం అడుగుతారు. దీవిలో అప్పటికప్పుడు ఆ సంతకం దొరకడం కష్టం కాబట్టి, చాలామందికి ‘లేదు అని పెట్టెయ్యండి, ఏం కాదు’ అని చెవిలో చెప్పేవాళ్లు ఉంటారు. ఆ మాట ఎవరన్నా ఆ షాపు నుంచి బయటికి వచ్చెయ్. ఆ ఫారం ఇప్పుడే తెప్పించుకుని ప్రింటు తీసి, ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించండి. స్కూబా గురించి అని స్పష్టంగా చెప్పండి. ఆయన వద్దంటే వద్దు. డాక్టర్ సరేనంటే తను లైఫ్‌జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేయొచ్చు. పైన తేలుతూ ముఖం నీళ్లలో పెట్టి చూడటమే, ఈత రాకపోయినా గైడు చేయి పట్టుకుని తిప్పుతాడు. ఎలిఫెంట్ బీచ్ దగ్గర రెండు మీటర్ల లోతులోనే పగడాలున్నాయి. అదీ వద్దనుకుంటే అడుగున అద్దం ఉన్న పడవలున్నాయి.

బాబుకు పదకొండు కాబట్టి వయసు సరిపోతుంది. పదేళ్లు నిండినవాళ్లను మొదటి డైవ్‌కు తీసుకుంటారు, 12 మీటర్లు దాటకూడదు. వాడికి నిజంగా ఇష్టమేనా అని నువ్వు లేనప్పుడు వాళ్లమ్మతో అడిగించు. నాయన ముందు భయమని చెప్పలేక దిగే పిల్లలను చూశాను. నీళ్ల దాకా వచ్చి వద్దంటే ఒక్క మాటా అనకుండా ఒడ్డుకు తీసుకురా.

మీ నాయనది మర్రిగూడ వైపు అని, ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగవని రాశావు. ఆయనకు స్కూబా సామాను మొయ్యడం వద్దు, అంతా కలిపి ఇరవై కిలోల దాకా ఉంటుంది. కానీ సముద్రంలో ఆయనను తప్పకుండా దింపు. బీపీ మందుల సంగతి డాక్టర్‌ను అడిగి, లైఫ్‌జాకెట్ వేసి, అలలు లేని పూట నడుము లోతులో వెల్లకిలా తేలనివ్వు. ఉప్పునీళ్లు ఒంటి బరువు మోస్తాయి. మా నాయనకూ అదే నొప్పి ఉండేది. తేలుతున్నంతసేపు కళ్లు మూసుకుని ఉన్నాడు, గంట దాకా బయటికి రానన్నాడు.

ఇక రోజులు. ఐదే రోజులైతే ఇలా సర్దు. మిర్యాలగూడ నుంచి శంషాబాద్‌కు మూడున్నర గంటలు పెట్టుకో, తెల్లవారుజాము విమానం పట్టుకో. టికెట్లు వెతికేటప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని, హావ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మారాయని గుర్తుంచుకో, రెండు పేర్లూ కనిపిస్తాయి. దిగిన రోజే మధ్యాహ్నం పడవకు హావ్‌లాక్ చేరితే మంచిది. రెండో రోజు ఏ పనీ పెట్టుకోకుండా బీచ్ దగ్గర నీళ్లలో మాస్కు పెట్టుకుని అలవాటు పడండి. మూడో రోజు పొద్దున డైవ్. వాతావరణం బాగాలేకపోతే జరపడానికి నాలుగో రోజు పొద్దున కూడా ఖాళీగా ఉంచు, కానీ ఐదో రోజు మూడింటి విమానానికి 24 గంటలు దొరకాలి కాబట్టి ఆ రోజు మధ్యాహ్నానికల్లా నీళ్లలోంచి బయట ఉండాలి. నాలుగో రోజు సాయంత్రం రాధానగర్ బీచ్. అక్కడ ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, మన లెక్కన ఆరున్నర అనుకుని పోతే ఏమీ కనిపించదు. ఐదో రోజు పడవ, విమానం. సెల్యులార్ జైలు వదలడం బాధే, కానీ ఐదు రోజుల్లో అన్నీ ఇరికిస్తే మీ నాయన మోకాళ్లు ఒప్పుకోవు. గాలి ఎక్కువుంటే పడవలు రద్దవుతాయి, ఆ సందర్భానికి ఏజెంటు ఏం చేస్తాడో ముందే రాతలో తీసుకో.

సెలవులు మార్చుకోగలిగితే నేను ఏప్రిల్ చివరి వారం అంటాను. బాబుకు వేసవి సెలవులు మొదలవుతాయి, సముద్రం చెరువులా ఉంటుంది, నీళ్లలో చూపు దూరం పోతుంది. మే మూడో వారం దగ్గరికొస్తే రుతుపవనాలు అక్కడికే ముందొస్తాయి కాబట్టి అంతకు ముందే తిరిగొచ్చెయ్యాలి. జనవరి చెడ్డది కాదు, కానీ గాలులుండొచ్చు, సంక్రాంతి జనం ఉంటారు, షాపుల వాళ్లు ఒకరి తర్వాత ఒకరిని దింపుతూ తొందరపెడతారు. మొదటిసారి దిగేవాడికి తొందర కంటే పెద్ద శత్రువు లేదు.

నీకొక్కడికే కోర్సు చేయాలనిపిస్తే, ఓపెన్ వాటర్‌కు దీవిలోనే మూడు నాలుగు రోజులు కావాలి, మొత్తం ఏడెనిమిది రోజుల ప్రయాణం. అది 18 మీటర్ల వరకు దిగడానికి అర్హత ఇస్తుంది, నాలుగు సముద్ర డైవ్‌లుంటాయి, 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం చూపించాలి, నీకు అవి లెక్క కాదు. పాఠాలు ఇంట్లో ఆన్‌లైన్‌లో ముందే చదువుకుని పోవచ్చు. ఈసారి ఇంటిల్లిపాదితో పోయి ఒక్క డైవ్ చూసి, నచ్చితే కోర్సుకు ఇంకోసారి పోవడమే నా సలహా.

షాపు ఎంచుకోవడంలో రేటు చివర చూడు. ముందు ఇవి అడుగు: నా ఒక్కడికి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడా, ఆయన అర్హత కార్డు చూపిస్తారా, పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ కిట్ ఉందా, దిగే ముందు నడుము లోతులో ఎంతసేపు నేర్పిస్తారు. చివరి ప్రశ్నకు ‘పది నిమిషాలు చాలు సార్’ అంటే వద్దు. సిలిండర్ గాలి పీల్చి చూసినప్పుడు ఏ వాసనా రాకూడదు, నూనె వాసన వస్తే వేరేది అడుగు. అడగడానికి మొహమాటపడొద్దు, మంచి షాపువాళ్లు అడిగితే సంతోషిస్తారు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులో చాలాసార్లు స్కూబా ఉండదు, పాలసీ కాగితం చదువు.

కొన్ని చిన్న సంగతులు, ఎవరూ చెప్పనివి. నీ ఫొటోలో మీసం ఒత్తుగా ఉంది. మాస్కు అంచు ముక్కు కింద మీసం మీద కూర్చుంటే నీళ్లు కారుతూనే ఉంటాయి, పై అంచు సన్నగా కత్తిరించుకుని పో. అద్దాలుంటే పవర్ ఉన్న మాస్కు ఉందా అని ముందే ఫోన్ చేసి అడుగు. మాస్కు లోపల మసక పట్టకుండా ఉమ్మి రాసి కడగడమే ఇప్పటికీ బాగా పనిచేసే చిట్కా. జలుబు చేస్తే డైవ్ లేదు, మాత్ర వేసుకుని దిగడం కూడా వద్దు: కింద ఉండగా మందు పని ఆగిపోతే చెవిలో గాలి చిక్కుకుని పైకి రావడమే నరకమవుతుంది. ముందు రోజు రాత్రి మద్యం తాగొద్దు. నీళ్ల కింద బొటనవేలు పైకి చూపిస్తే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట మడుగుల్లో కాలు పెట్టొద్దు. 2010లో రాధానగర్ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీయురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. ఇంటికి పగడం ముక్క, శంఖం ఏరుకుని తేవొద్దు. పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎయిర్‌పోర్టులో సంచి స్కాన్ చేసి తీయిస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకో కూడా చెప్పాలి. హావ్‌లాక్‌లో నీమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర మొదట ఇసుకే కనిపిస్తుంది, ఏముంది ఇక్కడ అనిపిస్తుంది. ఇంకొంచెం పోతే మెత్తని వేళ్లలా ఊగే ఒక జీవి, దాని మధ్యలో నారింజ రంగు చేప. ఆ వేళ్లు వేరే చేపలను కుట్టి చంపుతాయి, దీన్ని మాత్రం కుట్టవు. దగ్గరికి పోతే అరచేతిలో పట్టేంత చేప నీ మాస్కు మీదికే దూసుకొస్తుంది, ఇల్లు కాచుకుంటున్నట్టు. నా చేతికి యాదగిరిగుట్టలో కట్టిన ఎర్ర దారం ఉండేది. పన్నెండు మీటర్ల దగ్గర చూసుకుంటే అది నల్లగా ఉంది. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ టార్చి వేయగానే, గుడి మెట్ల మీద కట్టినప్పటి ఎరుపు మళ్లీ వెలిగింది. నువ్వు కూడా ఎర్రటిదేదైనా చేతికి కట్టుకుని పో, బాబుకు చూపించు.

ఏజెంటుకు ఇవాళే ఫోన్ చేసి, డైవ్‌ను మూడో రోజుకు మార్చి కొత్త ప్రోగ్రాం రాసిమ్మను. కుదరదంటే విమానం, పడవ, గది, షాపు నాలుగూ విడివిడిగా నువ్వే బుక్ చేసుకోవచ్చు, అదేమంత కష్టం కాదు. డాక్టర్ మరదలికి ఏం చెప్పారో తెలిశాక ఇక్కడే రాయి, దాన్ని బట్టి హావ్‌లాక్‌లో ఏ వైపు గది తీసుకోవాలో చెప్తాను.